జర్మనీలో కొత్త కాపురం: హైదరాబాద్ నుంచి వెళ్లే దంపతులు ఏ పని ఎప్పుడు చేసుకోవాలి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేస్తూ జర్మనీలో ఉద్యోగం సంపాదించుకొని వెళ్లే జంటలు ఇప్పుడు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. వీరిలో ఎక్కువ జంటల విషయంలో ఉద్యోగం ఒకరికే వస్తుంది, రెండోవారు డిపెండెంట్ వీసా మీద వెంట వెళ్తారు. ఉద్యోగం వచ్చినవారికి వీసా పత్రాల దగ్గర నుంచి జీతం ఖాతా దాకా కంపెనీవారు ఎంతో కొంత దారి చూపిస్తారు. పొద్దున లేస్తే వెళ్లడానికి ఒక ఆఫీసు, మాట్లాడడానికి నలుగురు మనుషులు ఉంటారు. వెంట వెళ్లినవారికి ఇవేవీ ఉండవు. అద్దె ఒప్పందంలో వారి పేరు ఉండదు, సొంత బ్యాంకు ఖాతా ఉండదు, ఒంట్లో బాగాలేకపోతే డాక్టరుకు ఫోన్ చేయడానికి కూడా రెండోవారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సి వస్తుంది. కొన్ని నెలలు ఇలా గడిచేసరికి కాపురంలో ఒక వెలితి మొదలవుతుంది, ఆ నెపాన్ని చలి మీదికో తిండి మీదికో నెట్టేస్తుంటాం. ప్రతి కాగితం, ప్రతి ఖాతా, ప్రతి తాళంచెవి మొదటి వారం నుంచే ఇద్దరికీ ఉండేలా చూసుకుంటే ఈ పరిస్థితి చాలావరకు రాదు. కింది అడుగులన్నీ ఆ దృష్టితోనే రాశాను. ఇద్దరూ కలిసి కూర్చొని చదవాలని నా కోరిక.

మొదటి అడుగు: పేర్లు, పత్రాలు సరిచూసుకోండి

వీసా దరఖాస్తుకు ముందే చేయవలసిన పని ఇది. మన పేర్ల తీరు జర్మనీ ఫారాలకు అంత సులభంగా అమరదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉండవచ్చు. పాస్‌పోర్టులో అది పూర్తిగా విస్తరించి ఉండవచ్చు, లేదా ఇంటిపేరు రాయవలసిన గడి ఖాళీగా ఉండి మొత్తం పేరంతా రెండో గడిలోనే ఉండవచ్చు. పెళ్లయిన తరువాత కొందరు భర్త ఇంటిపేరుకు మారతారు, కొందరు పుట్టింటి పేరుతోనే కొనసాగుతారు. రెండింటిలో ఏదైనా ఫర్వాలేదు, అయితే పాస్‌పోర్టులోనూ వివాహ ధ్రువపత్రంలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే పేరు ఉండాలి. జర్మనీలో ఏ కార్యాలయానికి వెళ్లినా పాస్‌పోర్టులో ఉన్న రూపమే ప్రమాణం, అక్కడి ఉత్తరాలన్నీ ఇంటిపేరుతోనే వస్తాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు ఇక్కడే పాస్‌పోర్టు రీ-ఇష్యూ చేయించుకోవడం మంచిది. అక్కడికి వెళ్లాక మార్చుకుంటే ఆ వెనుకే నివాస కార్డు, బ్యాంకు ఖాతా, బీమా, పన్ను వివరాలు అన్నీ ఒక్కొక్కటిగా మార్చుకోవలసి వస్తుంది.

పెళ్లి రిజిస్ట్రేషన్ ఇంకా చేయించుకోని జంటలు ఆ పనిని వాయిదా వేయవద్దు. వివాహాల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తూ 2002లోనే మన దగ్గర చట్టం వచ్చింది. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసు రుజువుకు పదో తరగతి మెమో, ఆధార్ కార్డులు, సాక్షులతో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్తే పని జరుగుతుంది. సర్టిఫికెట్ చేతికి ఇచ్చినప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి రెండు పేర్లనూ, రెండు పుట్టిన తేదీలనూ పాస్‌పోర్టులతో పోల్చి చూసుకోండి. ఒక్క అక్షరం తప్పున్నా అప్పటికప్పుడు సరిచేయించుకోవచ్చు. ఆ కాగితం మీదనే మీ ఇద్దరి సంబంధాన్ని అక్కడి ప్రభుత్వం గుర్తిస్తుంది కాబట్టి ఈ ఐదు నిమిషాలు చాలా విలువైనవి.

వెంట వెళ్లేవారి చదువు పత్రాలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇక్కడ బీరువాలో వదిలి వెళ్లవద్దు. ఒరిజినల్ డిగ్రీ, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ప్రొవిజనల్, పనిచేసిన ప్రతి సంస్థ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేతి సంచిలోనే ఉండాలి. చాలామంది ప్రొవిజనల్‌తోనే ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. ఉస్మానియాలో గానీ జేఎన్‌టీయూలో గానీ ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకోకుండా ఉండిపోయి ఉంటే ప్రయాణానికి ముందే దరఖాస్తు చేసుకోండి, ఎందుకంటే అక్కడి నుంచి ఆ పని చేయించుకోవడానికి ఇక్కడ మరొకరిని తిప్పవలసి ఉంటుంది. విదేశీ విశ్వవిద్యాలయాలనూ డిగ్రీలనూ జర్మనీ ఎలా లెక్కిస్తుందో చూపే ‘అనాబిన్’ అనే ప్రభుత్వ సమాచార నిధి ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులో ఉంది. మీ విశ్వవిద్యాలయం, మీ కోర్సు అందులో ఎలా నమోదయ్యాయో ఇద్దరిదీ చూసుకొని ఆ పేజీని ప్రింటు తీసి ఫైలులో పెట్టుకోండి.

భాష సంగతి కూడా ఇక్కడే మొదలు కావాలి. ఉన్నత చదువు, తగిన జీతం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతిని బ్లూ కార్డు అంటారు. దాని మీద వెళ్లేవారి జీవిత భాగస్వామికి ముందుగా జర్మన్ పరీక్ష పాసవ్వాలన్న నిబంధన లేదు కాబట్టి చాలామంది ఈ పనిని తీసిపారేస్తారు. ఇది సరికాదని నా అభిప్రాయం. బంజారాహిల్స్‌లో గోథె జెంట్రుమ్ ఉంది, నగరంలో ఇతర శిక్షణ సంస్థలూ ఉన్నాయి. తొలి మెట్టు అయిన ఏ1 దాకా నేర్చుకున్నా అంకెలు, తేదీలు, చిరునామా, ఫోనులో పేరును అక్షరం అక్షరంగా చెప్పడం వస్తాయి. మొదటి నెలలో ఏ కార్యాలయంలో మాట్లాడాలన్నా ఎక్కువగా అక్కరకొచ్చేవి ఇవే.

రెండో అడుగు: హైదరాబాద్‌లో వదిలి వెళ్లే వ్యవహారాలు

ఇక్కడి మొబైల్ నంబరును బతికించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను, భవిష్య నిధి అన్నిటికీ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఇద్దరి నంబర్లకూ అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, నంబరు చేజారకుండా ఉండేంత రీచార్జ్ గడువు తప్పకుండా చేస్తూ ఉండాలి. ఒకరి ఓటీపీ రెండోవారి ఫోనుకు వచ్చేలా ఉన్న ఖాతాలను ఈ సందర్భంగా విడదీసుకోండి.

విదేశానికి ఉద్యోగం మీద వెళ్లినవారి సాధారణ సేవింగ్స్ ఖాతాలు విదేశీ మారక చట్టం ప్రకారం ఎన్ఆర్ఓ ఖాతాలుగా, అంటే ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఖాతాలుగా మారాలి. అక్కడి సంపాదన ఇక్కడికి పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా వేరుగా తెరుచుకోవచ్చు. బ్యాంకు శాఖకు స్వయంగా వెళ్లి చేసుకుంటే త్వరగా అవుతుంది. మ్యూచువల్ ఫండ్లు ఉన్నవారు కేవైసీ వివరాలూ మార్చుకోవాలి. పన్ను విషయంలో ఒక్క అంకె గుర్తుంచుకోండి: ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే భారత పౌరులు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులకన్నా తక్కువ ఉంటేనే ఆ ఏడాదికి నాన్ రెసిడెంట్‌గా లెక్కలోకి వస్తారు. ప్రయాణ తేదీ సెప్టెంబరు చివరికి అటూ ఇటూగా ఉంటే ఈ లెక్క చూసుకొని టికెట్ తీసుకోండి.

సొంత ఫ్లాటు ఉంటే దాని బాధ్యత ఎవరికో ఒకరికి రాసి ఇవ్వాలి. తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ ఇచ్చినా, అన్ని అధికారాలూ కట్టబెట్టే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీకి బదులు, అద్దెకివ్వడం, అద్దె వసూలు చేయడం, ఇంటిపన్ను, కరెంటు, నీటి బిల్లులు కట్టడం అనే పనుల వరకే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వడం ఇరువైపులా మంచిది. ఇంట్లోవారికి ఇది అపనమ్మకంలా అనిపించవచ్చు. తమ మీద ఎంత భారం పడుతుందో వారికీ స్పష్టంగా తెలుస్తుందని నెమ్మదిగా చెప్పండి.

పళ్లు, కళ్లు ఇక్కడే చూపించుకొని వెళ్లండి. రోజూ వాడే మందులుంటే స్వంత వాడకానికి మూడు నెలలకు సరిపడా తీసుకువెళ్లవచ్చు. మందు అసలు పేరుతో డాక్టరు రాసిన చీటీ వెంట ఉండాలి. మన బ్రాండు పేర్లు అక్కడి మందుల షాపువారికి అర్థం కావు. చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అక్కడ ఇవ్వరు.

మూడో అడుగు: పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఈ విషయంలో ఇంట్లో పెద్దవారితో ఒక మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే వారు ప్రేమతో కట్టి ఇచ్చినవి విమానాశ్రయంలో పారవేయవలసి వస్తుంది. ఐరోపా యూనియన్ బయటి దేశాల నుంచి ప్రయాణికుల సామానులో మాంసం, మాంసపు పదార్థాలు, పాలు, పాల పదార్థాలు రానివ్వరు. అంటే కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, కోవా మిఠాయిలు, పెరుగు తోడు ఏవీ కుదరవు. చేపలు, రొయ్యల వంటివాటికి మాత్రం 20 కిలోల దాకా అనుమతి ఉంది. పచ్చి ఆకులు, చాలా రకాల పండ్లు, కూరగాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి కాబట్టి కరివేపాకు రెబ్బలు కాగితంలో చుట్టి పెట్టడమూ కుదరదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, కారం, సాంబారు పొడి, చింతపండు వంటివి నిశ్చింతగా తీసుకెళ్లండి. పచ్చళ్ల డబ్బాలు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. ఒక్కొక్కరి దగ్గర ఎంత నగదు ఉన్నదీ లెక్క చూసుకోండి. ఒకరి దగ్గర 10,000 యూరోలు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే దిగగానే కస్టమ్స్‌కు చెప్పాలి.

బియ్యం, పప్పులు మోసుకువెళ్లవద్దు. సోనా మసూరి, కందిపప్పు, మినపగుళ్లు పెద్ద నగరాల్లోని భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. కొత్తిమీర, పుదీనా, బెండకాయలు, పచ్చిమిర్చి కోసం టర్కీవారి దుకాణాలు చూసుకోండి, సాధారణ సూపర్‌మార్కెట్లకన్నా అక్కడ చవకగానూ తాజాగానూ ఉంటాయి. మిక్సీ మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడి కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి అది పనిచేస్తుంది. ప్లగ్గు ఆకారం వేరు కాబట్టి మూడు పిన్నులకు సరిపోయే గట్టి అడాప్టర్ ఒకటి కొనుక్కోండి. కుక్కర్ తీసుకెళ్లేవారు అల్యూమినియంది కాకుండా ఇండక్షన్ మీద పనిచేసే అడుగున్న స్టీలుది తీసుకెళ్లాలి, ఎందుకంటే అక్కడి ఇళ్లలో గ్యాసు పొయ్యిలు అరుదు.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరిలో లుఫ్తాన్సా నేరుగా విమానం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకే విమానంలో వెళ్లే వీలుంటే అలాగే వెళ్లండి. ఒకరు ముందు వెళ్లి అన్నీ సర్దాక రెండోవారు రావడం సుఖంగా కనిపిస్తుంది గానీ, తరువాత వచ్చినవారికి ఆ ఊళ్లో ప్రతిదీ మరొకరు ఏర్పాటు చేసినదే అవుతుంది.

నాలుగో అడుగు: ఇల్లు, చిరునామా నమోదు, ఉత్తరాల పెట్టె

జర్మనీలో జీవితం చిరునామాతో మొదలవుతుంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఇద్దరూ ఊరి పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టులు, వివాహ ధ్రువపత్రం, ఇంటి యజమాని సంతకం చేసి ఇచ్చే నివాస ధ్రువీకరణ కాగితం కావాలి. అద్దె ఒప్పందం ఒక్కటే చూపితే సరిపోదు. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి హైదరాబాద్‌లో ఉండగానే ఆన్‌లైన్‌లో తేదీ తీసుకోండి. మొదట తాత్కాలిక బసలో దిగేవారు ఆ యజమాని ఈ కాగితం ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగాలి.

ఆ ఫారంలో మతం గడి ఒకటి ఉంటుంది. అక్కడ క్యాథలిక్ లేదా ప్రొటెస్టెంట్ అని రాసినవారి జీతంలో ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతం చర్చి పన్నుగా కోత పడుతుంది. మన క్రైస్తవ కుటుంబాలవారు ఈ సంగతి ముందే తెలుసుకొని, ఇద్దరూ మాట్లాడుకొని, తెలిసి నిర్ణయం తీసుకోవాలి.

ఇప్పుడు చూడడానికి చిన్నదైన ఒక పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అపార్ట్‌మెంటు కింద గోడకు వరుసగా ఇనుప ఉత్తరాల పెట్టెలు ఉంటాయి. వాటి మీద ఫ్లాటు నంబర్లు ఉండవు. వేలెడంత చీటీ మీద ఇంటిపేరు మాత్రమే ఉంటుంది. గేటు పక్కన కాలింగ్ బెల్ మీదా అంతే. పోస్ట్‌మన్ కవరు మీది పేరును ఆ చీటీతో పోల్చి చూసి వేస్తాడు, పేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. పన్ను గుర్తింపు నంబరు, బ్యాంకు కార్డు, దాని రహస్య సంఖ్య, బీమా కార్డు, విదేశీయుల కార్యాలయం ఇచ్చే తేదీ అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. మన దంపతుల్లో చాలామందికి ఇంటిపేర్లు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఒక పేరే అంటిస్తే రెండోవారి ఉత్తరాలు ఏవీ చేరవు. తాళాలు తీసుకున్న సాయంత్రమే ఇద్దరి ఇంటిపేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే స్పష్టంగా రాసి పెట్టె మీదా, యజమాని ఒప్పుకుంటే బెల్ మీదా పెట్టండి.

అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ, ఇద్దరి సంతకాలూ ఉండేలా అడగండి. అద్దె ప్రకటనల్లో ‘కాల్ట్’ అని ఉన్నది ఖాళీ ఇంటి అద్దె, ‘వార్మ్’ అంటే వేడి, నీళ్లు, మెయింటెనెన్స్ వంటి ఖర్చులు కలిపిన మొత్తం. కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు అందులో చేరవు. డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దెకు మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు చట్టం ఇస్తుంది. హైదరాబాద్‌లో ఊహించని సంగతి ఇంకొకటి ఉంది: చాలా ఇళ్లకు వంటగది సామగ్రి ఉండదు, అంటే పొయ్యి, సింకు, అల్మరాలు ఏవీ లేకుండా గోడలు మాత్రమే ఇస్తారు. ఇంటిని చూడకుండా, తాళం చేతికి రాకుండా ఎవరికీ డబ్బు పంపవద్దు. విదేశంలో ఉన్నానని, తాళాలు కొరియర్‌లో పంపుతానని చెప్పే యజమానులు మోసగాళ్లే. ఇల్లు అప్పగించేటప్పుడు గోడల మీది మరకలు, నేల మీది గీతలు, మీటర్ల రీడింగులు రాసుకొని ఇరువురూ సంతకాలు చేసే కాగితం ఒకటి ఉంటుంది, దానికి తొందరపడకుండా సమయం ఇవ్వండి. మీరు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ తిరిగి వచ్చేది దాని ఆధారంగానే.

ఐదో అడుగు: బ్యాంకు, బీమా, పన్ను

ఉమ్మడి ఖాతా తెరిచేటప్పుడు ఇద్దరిలో ఎవరైనా విడిగా నడపగలిగే రకాన్నే ఎంచుకోండి, ఇద్దరికీ వేర్వేరు కార్డులు తీసుకోండి. సంపాదన లేనివారి పేరున విడిగా చిన్న ఖాతా ఒకటి ఉంచి, ప్రతి నెలా కొంత మొత్తం దానంతటదే జమ అయ్యేలా పెట్టడం నేను గట్టిగా సూచిస్తాను. కాఫీ తాగడానికి, పుస్తకం కొనడానికి అడగవలసిన పరిస్థితి ఎంత అన్యోన్యమైన దంపతుల మధ్య అయినా బరువుగానే ఉంటుంది.

ఆరోగ్య బీమా ప్రభుత్వ వ్యవస్థలో తీసుకుంటే సంపాదన లేని జీవిత భాగస్వామి అదనపు చందా లేకుండా అందులో చేరతారు. ప్రైవేటు బీమాలో ప్రతి ఒక్కరికీ విడిగా కట్టాలి. జీతం ఎక్కువ ఉన్నవారికి ప్రైవేటు బీమా మొదట చవకగా కనిపిస్తుంది, అయితే ఒకసారి అటు వెళ్తే తిరిగి రావడం కష్టం. ఒకరి సంపాదన మీదే ఉండే దంపతులకు ప్రభుత్వ బీమానే మేలు. చేరిక దానంతటదే జరగదు, ఫారం నింపి వివాహ ధ్రువపత్రం జత చేయాలి; రెండోవారి పేరున విడిగా కార్డు వచ్చిందాకా వెంటపడండి.

భార్యాభర్తలకు పన్ను తరగతుల్లో ప్రధానంగా రెండు దారులున్నాయి: ఇద్దరికీ నాలుగో తరగతి, లేదా ఒకరికి మూడు, మరొకరికి ఐదు. ఒకరే సంపాదిస్తున్నప్పుడు మూడు-ఐదు తీసుకుంటే నెల నెలా చేతికొచ్చే జీతం పెరుగుతుంది. తరువాత రెండోవారికి ఉద్యోగం వచ్చినప్పుడు ఐదో తరగతి వల్ల వారి జీతంలో కోత చాలా ఎక్కువగా కనిపిస్తుంది, అది చూసి ‘ఈ మాత్రం దానికి ఉద్యోగం ఎందుకు’ అనే మాట ఇంట్లో పుట్టే ప్రమాదం ఉంది. మొత్తం పన్ను ఏడాది చివర ఇద్దరి ఆదాయం మీద కలిపి తేలుతుంది, తరగతులను మార్చుకోనూ వచ్చు. అందువల్ల ఆ కోతను చూసి ఉద్యోగ ప్రయత్నం మానుకోవద్దు.

ఇతరులకు పొరపాటున కలిగించే నష్టానికి బీమా ఒకటి తీసుకోండి. ఏడాదికి ఖర్చు తక్కువ, అక్కడ చాలామంది తీసుకుంటారు. భవనం తాళంచెవి పోగొట్టుకుంటే మొత్తం తాళాల వ్యవస్థనే మార్చవలసిన ఖర్చు మీ మీద పడవచ్చు. పాలసీలో ఈ అంశం ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో టీవీ లేకపోయినా ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము ఉంటుంది. ఆ ఉత్తరం చూసి మోసమేమో అనుకొని పారేసేవారున్నారు. అది నిజమైన బకాయే, ఇంటికి ఒకరు కడితే చాలు.

ఆరో అడుగు: రోజువారీ ఇల్లు

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోని కొన్ని దుకాణాలు, కొద్ది గంటలపాటు బేకరీలు తప్ప ఏదీ దొరకదు కాబట్టి శనివారం మధ్యాహ్నానికే పాలు, కూరగాయలు తెచ్చుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలి, ఆదివారం రోజంతా డ్రిల్లింగ్ వంటి చప్పుడు చేయకూడదు. ఇడ్లీ పిండి రుబ్బుకోవడానికి మిక్సీ వేసే వేళ కూడా దీన్నిబట్టే పెట్టుకోండి.

చెత్తను కాగితం, వంటింటి వ్యర్థాలు, ప్యాకింగ్, మిగిలినది అని విడదీయాలి. గాజు సీసాలను రంగుల వారీగా వీధిలోని డబ్బాల్లో వేయాలి, అదీ ఆదివారం కాకుండా. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ డబ్బాల మీద చాలావాటికి 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, వాటిని నలపకుండా సూపర్‌మార్కెట్‌లోని యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, దాన్ని బిల్లులో తగ్గించుకోవచ్చు.

మన వంటకూ అక్కడి ఇంటికీ రాజీ కుదర్చాలి. చలికి కిటికీలన్నీ బిగించి అన్నం, పప్పు, చారు వండితే ఆవిరి గోడల మూలల్లో చేరి బూజు పడుతుంది, ఆ నష్టాన్ని యజమాని మీ మీద వేస్తాడు. రోజుకు రెండు మూడుసార్లు ఐదు నుంచి పది నిమిషాలు కిటికీలు బార్లా తెరిచి మూయాలి. కొద్దిగా తెరిచి గంటల తరబడి వదిలితే గోడలు చల్లబడి బూజు ఇంకా పెరుగుతుంది. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి చిమ్నీ వేయండి, పడకగదుల్లోనూ నడవాలోనూ పొగ పసిగట్టే అలారాలు ఉంటాయి. ఎండుమిర్చి ఘాటుకు అలారం మోగితే కంగారుపడి ఊడదీయవద్దు, వాటిని ఉంచడం అక్కడ చట్టం. చలికాలంలో పెరుగు తోడుకోకపోతే గిన్నెను ఓవెన్‌లో పెట్టి లోపలి దీపం మాత్రం వెలిగించి ఉంచండి, తెల్లారేసరికి గట్టిగా తోడుకుంటుంది. 3.5 శాతం వెన్న ఉన్న అక్కడి సాదా యోగర్టు తోడుకు బాగా పనికొస్తుంది.

మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ నివాసం మొదలైన నాటి నుంచి ఆరు నెలల వరకే చెల్లుతుంది, తరువాత రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. అంతవరకు, ఆ తరువాత కూడా, దేశమంతటా లోకల్ రైళ్లు, బస్సులు, ట్రాములకు చెల్లే నెలవారీ ‘డాయిష్‌లాండ్ టికెట్’ చాలు. ఇది 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో దీని ధర 58 యూరోలు ఉండేది. ఇద్దరికీ చెరొకటి తీసుకోండి. ఇంట్లో ఉన్నవారికి టికెట్ ఎందుకు అనుకుంటే వారు నిజంగానే ఇంట్లో ఉండిపోతారు.

ఏడో అడుగు: వెంట వెళ్లినవారి సొంత దినచర్య

దిగిన మొదటి నెలలోనే ఫోక్స్‌హోఖ్‌షూలె అనే పురపాలక వయోజన విద్యాలయంలో జర్మన్ తరగతిలో చేరండి. ఆన్‌లైన్ తరగతి కన్నా ఎదురుగా కూర్చొని నేర్చుకునేది ఎంచుకోవడం మేలు. వారంలో నాలుగు రోజులు ఫలానా వేళకు ఒక చోటికి వెళ్లాలన్న కట్టుబాటు, సిరియా నుంచో బ్రెజిల్ నుంచో వచ్చి మీలాగే తడబడుతున్న తోటివారి పరిచయం, భాషతో సమానమైన లాభాలు. డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకే పొద్దు వాలిపోతుంది, ఆ నెలల్లో బయటికి వెళ్లే కారణం ముందే ఏర్పడి ఉండాలి.

బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి ఏ ఉద్యోగమైనా, స్వంత వ్యాపారమైనా చేసుకునే హక్కు ఉంటుంది. నివాస కార్డు మీద ఈ మాట రాసి ఉందో లేదో చదివి చూసుకోండి. మీ డిగ్రీ అక్కడి ఏ డిగ్రీకి సమానమో పోల్చి చెప్పే ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. డాక్టరు, నర్సు, ఉపాధ్యాయ వృత్తుల్లో అయితే రాష్ట్ర స్థాయి లైసెన్సు వేరుగా కావాలి, దానికి ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి ఆ పని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాలి.

ఇద్దరూ ఇంటికి దగ్గరలో కుటుంబ వైద్యుణ్ని ఆరోగ్యంగా ఉన్నప్పుడే వెతికి పెట్టుకోండి, ఎందుకంటే కొత్త రోగులను తీసుకోని క్లినిక్‌లు చాలా ఉంటాయి. ప్రాణాపాయమైతే 112, పోలీసులకు 110, క్లినిక్‌లు మూసి ఉన్న వేళ అత్యవసరం కాని వైద్య సలహాకు 116117. మొదటి అపాయింట్‌మెంట్‌కు వెంట వెళ్లినవారే స్వయంగా ఫోన్ చేయాలి. చెప్పవలసిన నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకోండి: పేరు, బీమా సంస్థ, బాధ ఏమిటి, ఏ రోజు వీలవుతుంది. రిసెప్షన్‌లోని మనిషి వేగంగా మాట్లాడితే నెమ్మదిగా చెప్పమని అడగడానికి ఐదో వాక్యం. పక్కన జీవిత భాగస్వామి ఉన్నా ఫోను లాక్కోకుండా కూర్చోవాలి. ఈ ఒక్క ఫోనుతో వచ్చే ధైర్యం మరో పది పనులకు సరిపోతుంది.

పెద్ద నగరాల్లో తెలుగు సంఘాలు ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి జరుపుతాయి, వాటికి వెళ్లండి. వారానికి ఒకసారైనా తెలుగువారు కాని వారితో కూడా గడిపే పని ఒకటి ఉంచుకోండి. నడక బృందమైనా, వంట తరగతైనా, ఊరి గ్రంథాలయమైనా సరే.

ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా నిర్ణయించుకోండి. హైదరాబాద్ అక్కడికన్నా చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు ముందుంటుంది. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో వారి గడియారం మారుతుంది. అత్తమామలతో, తల్లిదండ్రులతో ఆదివారం మధ్యాహ్నం అని ఒక వేళ పెట్టుకుంటే రెండు వైపులా ఎదురుచూపులు, అలకలు తగ్గుతాయి.

ఎనిమిదో అడుగు: నివాస కార్డు, ఆపై కాలం

ఎంట్రీ వీసా గడువు ముగియకముందే విదేశీయుల కార్యాలయంలో నివాస కార్డుకు ఇద్దరూ దరఖాస్తు చేయాలి. తేదీ ఆలస్యంగా వచ్చినా, గడువులోపు దరఖాస్తు చేసినట్టు రుజువు ఉంటే మీ నివాసం చట్టబద్ధంగానే కొనసాగుతుంది, అందుకు ఒక తాత్కాలిక పత్రం ఇస్తారు. ఆ పత్రంతో హైదరాబాద్ వచ్చి తిరిగి వెళ్లగలరా లేదా అన్నది దాని మీద ఏ నిబంధనకు టిక్ పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో పెళ్లి ఉందని టికెట్ కొనేముందు దాన్ని చదివించుకోండి. ఇద్దరి కార్డుల గడువు తేదీలు ఒకటే కానక్కరలేదు, రెండూ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

బ్లూ కార్డు ఉన్నవారు ఏ1 స్థాయి జర్మన్‌తో 27 నెలలకు, అంతకన్నా పై మెట్టయిన బీ1 స్థాయితో 21 నెలలకు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు. అప్పుడు జీతం చీటీలు, పింఛను చందా వివరాలు, అద్దె ఒప్పందం, బీమా పత్రాలు అడుగుతారు. మొదటి నెల నుంచే రెండు ఫైళ్లు పెట్టండి, ఒక్కొక్కరి పేరున ఒకటి. వారంలో ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చొని వచ్చిన ఉత్తరాలన్నీ తెరిచి, జవాబు గడువును కవరు మీద ఎర్ర సిరాతో రాసి, ఎవరి ఫైలులో వారే పెట్టుకోండి. అర్థం కాని ఉత్తరాన్ని ఫోను కెమెరాతో అనువదించుకొని చదవండి, డబ్బు, గడువు, సంతకం అనే మూడు విషయాలు అందులో ఉన్నాయేమో చూడండి. వాటిలో ఒక్కటి ఉన్నా ఆ ఉత్తరానికి ఆ వారంలోనే జవాబు వెళ్లాలి.